తండ్రి ఉన్న అనాథ

…అయితే ఆ పిల్ల తను కాదు. కాకపోతే ఆ పిల్ల ముఖానికి తన ముక్కు ఎందుకు ఉన్నట్టు? నిన్న సాయంత్రం ప్రార్థన మందిరంలో కట్టిన తెల్ల దుప్పటి మీద గోడంత ఎత్తున నిలబడి పేటనంతా ఏడిపించిన ఆ పిల్ల, ఈ ఉదయం ఏ ఇంట్లో నిద్ర లేచి ఉంటుంది? దానికి సంకటి ఎవరు పెడతారు? దాని కుండ ఎవరు తోముతారు?

ఈ కుండ మాత్రం కృపమణే తోముతోంది. అడుగంటిన జొన్న సంకటిని బూడిదతో రుద్దుతూ పెరటి బండ మీద కూర్చుని ఉంది. కుండ అయ్యాక నీళ్ళు తేవాలి. నీళ్ళయ్యాక నాన్న మగ్గానికి కండెలు చుట్టాలి. ఈ పూటకు ఆమె అనుకున్నది అంతే. ఏ పూటకైనా అంతే. పేట బడిలో ఉన్న ఐదు తరగతులూ అయిపోయాయి. ఆరో తరగతి పట్నంలో, మిషన్ బోర్డింగులో ఉంటుందని విన్నది. అక్కడికి ఈ పేట నుంచి ఆడపిల్ల ఎవరూ వెళ్ళలేదు. కొర్రలు కోసిన తర్వాత ఆమెను మేనమామ చిన్న ఈరన్నకు ఇచ్చి చేయాలని పెద్దవాళ్ళు నిర్ణయించారు. ఆ సంగతి ఆమెకు తప్ప అందరికీ చెప్పారు.

బొమ్మ సంగతి ఆమె ఏనాడో మరచిపోయింది. కొన్నాళ్ళ క్రితం పట్నం మిషన్ నుంచి మిస్సమ్మ, అక్కడి దొరసాని, ఫోటో పెట్టెతో వచ్చింది. బడి అయివారు దావీదురాజు, కళ్ళు పెద్దవని, కృపమణిని ఎంచి ముందుకు తోశాడు. జడ విప్పించారు. అయివారి ఇంట్లోని మసిగుడ్డ లాంటి చీర ముక్క చుట్టారు. కూలిన గోడ దగ్గర నిలబెట్టి, "ఏడుపు మొకం పెట్టు" అన్నారు. ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వు ఆపుకుంటుంటే కంట్లో ఎండ పడింది. పెట్టె టక్కుమంది. తర్వాత ముఖం కడిగి, తల దువ్వి, తెల్ల రవికె తొడిగి, చేతిలో పుస్తకం పెట్టారు. మళ్ళీ టక్కుమంది. చివరికి ఒక చక్కెర బిళ్ళ ఇచ్చారు. ఆమెకు గుర్తున్నది ఆ బిళ్ళే.

ఆ రెండు బొమ్మలూ గాజు పలకల మీదికెక్కి, బొమ్మను దుప్పటి మీద పెద్దది చేసి చూపే లాంతరు పెట్టెతో సహా దావీదురాజు వెంట ఊళ్ళు తిరిగాయి. చీకటి పడగానే దుప్పటి కట్టి, లాంతరు వెలిగించి, చూపుడు కర్రతో బొమ్మకు ఒక కథ చెప్పడం అతని పని. మొదట్లో ఆ పిల్ల బీదది మాత్రమే. ఆలూరు చుట్టుపక్కలకు వచ్చేసరికి తల్లి పోయింది. పత్తికొండ చేరేసరికి తండ్రి కూడా పోయాడు. బొమ్మ అదే. ఊరు మారేకొద్దీ బంధువులు తగ్గిపోతూ వచ్చారు.

నిన్న మొదటిసారి ఆ పెట్టె సొంత పేటకు వచ్చింది. ఏ ఊళ్ళో ఉన్నానన్నది అతని నాలుక మరచిపోయింది. "తల్లి లేదు, తండ్రి లేదు, తలకు నూనె లేదు" అని అలవాటైన రాగం తీశాడు. మందిరమంతా ముక్కులు చీదింది. ముందు చాప మీద కూర్చున్న ఏసన్న తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకుని, "ఎవురి బిడ్డో పాపం" అన్నాడు. ఎవరి బిడ్డో కాదు, అతని బిడ్డే. అతని భార్య జీవమ్మ మాత్రం తెర వంక, తన పక్కన కూర్చున్న కూతురి వంక మార్చి మార్చి చూసి, "మన పిల్ల మాదిరే ఉండాది కదయ్యా" అంది.

"అట్ల అనొద్దు," అన్నాడు ఏసన్న. "మన పిల్లకేమి? తల్లీ దండ్రీ ఉండారు."

తర్వాత రెండో బొమ్మ పడింది. పుస్తకం పట్టుకున్న పిల్ల. అప్పటికి అందరూ కళ్ళూ ముక్కూ తుడుచుకోవడంలో ఉన్నారు. చదువుకున్న కృపమణిని కృపమణి తప్ప ఎవరూ చూడలేదు.

కుండ తోముతున్న చేయి ఆగింది. ఇంట్లోంచి దావీదురాజు గొంతు వినిపిస్తోంది. ఇంత పొద్దున అయివారు ఎవరింటికీ రాడు.

"ఏసన్నా, నువ్వు నాకొక సాయం చేయల్ల."

"చెప్పు అయివారూ."

"ఈ ఒక్క పొద్దు నువ్వు సచ్చిపోవల్ల."

ఏసన్న మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. పోగుల మధ్య పరుగెత్తే నాడె సగం దారిలో నిలిచిపోయింది. "నేనేం తప్పు చేసినానయ్యా?" అన్నాడు.

సంగతి ఇది. బొమ్మలోని పిల్లను చూడడానికి ఈ రోజు మిస్సమ్మ బండి కట్టించుకుని వస్తోంది. ఆ పిల్ల తల్లిదండ్రులెవరని ఆమె ఎప్పుడో అడిగితే, ఊళ్ళలో చెప్పి చెప్పి అరిగిపోయిన నోటితో దావీదురాజు, "ఇద్దురూ గత్తర రోగంలో పోయినారమ్మా" అన్నాడు. ఇప్పుడు ఆమె వచ్చి ఇద్దరినీ చూస్తే అతని ఉద్యోగం పోతుంది.

"నీ ఉద్యోగానికి నేను సావల్లనా?"

"నా ఉద్యోగం ఒక్కటే కాదప్పా. ఆయమ్మ ఊరికే వస్తాదా? పిల్లను బోర్డింగులో చేర్చుకునేదానికే వస్తాండాది. దిక్కులేని పిల్లల్నే తీస్కపోతారు. దిక్కుండే పిల్లను యాల తీస్కపోతారు?"

పెరట్లో కృపమణికి బోర్డింగు అన్న మాట ఒక్కటే వినిపించింది. దాని కోసం నాన్న చావవలసి ఉంటుందన్న మాట ఆ తర్వాత, నెమ్మదిగా, వేరే దారిన వచ్చి చేరింది. రెండు మాటలూ పక్కపక్కన కూర్చున్నాయి. మొదటి మాట మీద తనకు కోపం రావడం లేదని గమనించి ఆమె నిర్ఘాంతపోయింది.

ఇంట్లో అవ్వ లేచింది. ఏసన్న తల్లి హనుమమ్మ. ముసలితనంలో హన్నా అని పేరు పెట్టించుకుంది కానీ పాదిరిగారు కూడా హనుమమ్మా అనే పిలుస్తారు.

"నా కొడుకును సంపేదానికి నువ్వెవురయ్యా? పసోడప్పుడు గత్తర వస్తేనే నేను వాన్ని ఇయ్యలేదు. నీకిస్తానా?"

"ఊరికే మాటకు అవ్వా."

"మాటకైనా ఇయ్యను."

జీవమ్మ ఇదంతా విని, నడుముకు కొంగు దోపుకుని అడిగింది. "నేను ఇప్పుడే సచ్చిపోవల్లనా అయివారూ, సంకటి చేసినంక పోతే సరిపోతాదా?"

చివరికి ఒప్పందం కుదిరింది. ఏసన్న ఏసన్న తమ్ముడు అవుతాడు. జీవమ్మ ఆ తమ్ముని భార్య అవుతుంది. దిక్కులేని పిల్లను వాళ్ళు సాకుతున్నారు.

"నాకు తమ్ముడు లేడే," అన్నాడు ఏసన్న.

"ఈ పొద్దు ఉండాడు. మగ్గం ఆపి గుంతలో నుంచి లేయప్పా. మగ్గం ఆడే ఇంట్లో దిక్కులేని పిల్ల ఉండాదంటే ఆయమ్మ నమ్మల్ల కదా. దాని మీద ఏమన్నా కప్పు."

ఏసన్న లేచి, మగ్గం మీద చేతికందిన పాత కంబళి కప్పాడు. హనుమమ్మ అది చూడలేకపోయింది. బయటికి వచ్చి, గడప మీద కూర్చుని, తల మీద కొంగు కప్పుకుని, కోపం పట్టలేక గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది.

కథ అక్కడే, ఆ కంబళి దగ్గర చేయి దాటింది. ఆ పేటలో ప్రతి ఇంటా ఒక మగ్గం ఉంది. అందరూ ముతక దుప్పట్లు నేస్తారు. తెల్లవారగానే మొదట ఆడేది ఏసన్న మగ్గం. ఆ చప్పుడు విని మిగతావాళ్ళు మొదలుపెడతారు. ఏ ఇంట్లోనైనా నేసేవాడు పోతే మగ్గం మీద కంబళి కప్పుతారు. శవం లేచేదాకా పేటలో ఏ మగ్గమూ ఆడదు. పొరుగూళ్ళకు పంపితే తప్ప చావు కబురు ఎవరూ నోటితో చెప్పరు. ఎవరూ అడగరు కూడా. అడగడం మర్యాద కాదు. చావింట్లో తల ఎత్తి మనుషుల ముఖాలు చూడడమూ మర్యాద కాదు.

ఎదురింటి సుబ్బక్క తన మగ్గం మీద నుంచి తల ఎత్తింది. ఏసన్న మగ్గం ఆగింది. గడప మీద ముసలితల్లి ఏడుస్తోంది. తెరిచిన తలుపులోంచి కంబళి కనిపిస్తోంది. సుబ్బక్క కాళ్ళు గుంతలోంచి తీసి, తన మగ్గం ఆపింది. ఆమె మగ్గం ఆగడం విని పక్కింటి మగ్గం ఆగింది.

కృపమణి నీళ్ళ కడవతో తిరిగి వస్తూ ఏదో తేడాగా ఉందనుకుంది. గాలి చప్పుడు వినిపిస్తోంది. పేటలో గాలి చప్పుడు ఆమె ఏనాడూ వినలేదు. ఇళ్ళ ముందు ఆడవాళ్ళు నిలబడి తన వంకే చూస్తున్నారు. సుబ్బక్క ఎదురువచ్చి, కడవ తన చంకలోకి తీసుకుని, కృపమణి తలను రొమ్ముకు ఆనించుకుంది.

"అయ్యో తల్లీ. ఇంగ నీకెవురుండారమ్మా."

ఇంకా నిన్నటి బొమ్మకే ఏడుస్తున్నారని కృపమణి అనుకుంది. రోజూ నీళ్ళ దగ్గర ముందుకు తోసుకొస్తావని తిట్టే సుబ్బక్క ఈ వేళ కడవ మోస్తోంది. ఏం చేయాలో తెలియక ఆమె తల వంచింది. కన్రెప్పలు వాల్చింది. ఆ ముఖం దానంతట అదే వచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడ్చారు. ఇంత సులభమా అని ఆమెకు లోపల ఎక్కడో చలి పుట్టింది. తెర మీద పిల్ల తన కంటే ముందు ఇంటికి చేరి తన చోట కూర్చుంది. ఇక తను దాని వెనక నడవాలి, అంతే.

ఆమె ఇల్లు చేరేలోగా సుబ్బక్క ఆలూరు దారిన పోతున్న బండివానికి రెండు కబుర్లు అప్పజెప్పింది. ఒకటి ఏసన్న అక్క జ్ఞానమణికి. ఒకటి మేనమామ చిన్న ఈరన్నకు.

ఇంట్లో కృపమణిని అనాథను చేసే పని మొదలైంది. జీవమ్మ నిన్న రాత్రి తానే రాసిన నూనెను శీకాయ పెట్టి తీస్తోంది. జుట్టు ముఖం మీద పడాలని దావీదురాజు. ముఖం మీద పడితే పిల్ల కళ్ళు కనిపించవని జీవమ్మ. రవికె చినగాలని అయివారు. నా బిడ్డను చినిగిన రవికెతో ఊరి ముందర నిలబెట్టేది లేదని తల్లి. చెవుల్లో పూసలు ఉండాలా వద్దా అన్నదాని మీద ఇద్దరికీ పెద్ద వాదమే జరిగింది. ఇద్దరూ మాటిమాటికీ "బొమ్మలో ఎట్ల ఉండాది?" అంటున్నారు కానీ, ఎదురుగా ఉన్న పిల్లను ఎవరూ చూడడం లేదు.

కృపమణి కడవలోని నీళ్ళలోకి తొంగి చూసి ఆ ముఖం మళ్ళీ పెట్టబోయింది. రాలేదు. మరోసారి ప్రయత్నించింది. పళ్ళు నొప్పి పుట్టిన పిల్లలా ఉంది. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఆ రోజు తను ఏడవలేదు. కంట్లో ఎండ పడింది. నిన్న మందిరమంతా ఏడ్చింది ఎండకు.

మిస్సమ్మ బండి వచ్చేసరికి ఎండ ముదిరింది. తోలేవాడు ఎద్దులను విప్పి నీళ్ళకు తోలుకుపోయాడు. ఆమె గొడుగు ముడిచి, నులక మంచం మీద కూర్చుంది. తెలుగు బాగా వచ్చు. అయితే ఆ తెలుగును ఆమె మనుషుల దగ్గర కాక బైబిలు దగ్గర నేర్చుకుంది. ఆమె మంచినీళ్ళు అడిగినా పేటవాళ్ళకు ఏదో పాపం చేసినట్టు అనిపించేది.

"ఈ వీధిలో మగ్గములు ఏల పలుకకున్నవి?" అని అడిగింది.

దావీదురాజుకు కూడా అది అప్పుడే తోచింది. "మీరొస్తాండారని, అమ్మా," అన్నాడు. తలుపు బయట జనం మూగి ఉన్నారు. అందరూ మౌనంగా, తలలు వంచుకుని ఉన్నారు. తన రాకకు ఇంత భక్తి చూపిన ఊరు లేదని మిస్సమ్మ కళ్ళు చెమర్చాయి.

ఏసన్న చెంబుతో మజ్జిగ తెచ్చి గ్లాసులో పోశాడు.

"నీవు ఈ బాలిక పినతండ్రివా?"

"అవునమ్మా. చిన్నాయన్ను."

"మృతుడైన నీ అన్న యెట్టివాడు?"

ఈ ప్రశ్న వస్తుందని ఏసన్న అనుకోలేదు. తన గురించి ఇంతవరకు ఎవరూ అతన్ని అడగలేదు. గొంతు సవరించుకున్నాడు. "మా యన్న శానా మంచోడమ్మా. ఒకరి జోలికి పోయేటోడు కాదు. ఆయప్ప దుప్పటి నేస్తే, తాత కప్పుకున్యది మనవనికొస్తాండె."

"మంచోడే," అంది పక్కన నిలబడిన జీవమ్మ. "కోపమొస్తే సంకటి ముద్ద తీసి గోడకు కొడతాండె."

"ఒక్కతూరి కొట్టినాడు. దాంట్లో ఉప్పు లేదంట."

"ఉప్పుండె. నోట్లో ఆకూ వక్కా పెట్టుకొని తింటే రుచి యాడ తెలుస్తాది?"

"ఆయప్ప ఉండుంటే ఈ మాట అంటాంటివా?"

"ఉన్నన్నాళ్ళు నన్ను యాడ మాట్లాడనిచ్చినాడు? సచ్చినంకనే కదా సందు దొరికింది."

మిస్సమ్మ ఇద్దరి వంకా చూసి, మృతులను గూర్చి మేలు మాత్రమే పలుకవలెనని మెల్లగా హెచ్చరించింది. తర్వాత తలుపు చాటున నిలబడిన కృపమణిని చూసి, "ఈ చిన్నది చదువుకొనవలెనని ఆ తండ్రి కోరెనా?" అంది.

ఏసన్న మజ్జిగ చెంబులోకి చూశాడు.

"అనుకుంటాండె అమ్మా," అన్నాడు. "పిల్ల పలక పట్టుకొని గడపలో కూసుంటే, మగ్గం కాడ్నుంచి చూస్తాండె. నేసేది ఆపి చూస్తాండె. ఎవురితో చెప్పలేదు. చెప్తే నవ్వుతారని."

తలుపు చాటున కృపమణి విన్నది. ఈ మాట నాన్నదా, లేని తమ్మునిదా? నాన్నను ఆమె పుట్టినప్పటి నుంచి ఎరుగును. అతడు ఈ మాట అనలేదు. పొద్దున పుట్టిన ఈ చిన్నాయన అంటున్నాడు. అతని పోయిన అన్న ఎవరో ఆమెకు తెలియదు కానీ, ఆ మనిషిని ఒక్కసారి చూడాలనిపించింది. ఒక మనిషి లోపల ఇంకొక మనిషి ఉండి, చచ్చిపోతే గానీ మాట్లాడడని ఆమె ఇప్పుడే చూసింది.

మిస్సమ్మ గ్లాసు కింద పెట్టి, నిట్టూర్చింది. "నేను ఒక దుఃఖకరమైన సంగతి చెప్పుటకు వచ్చితిని…"

ఆ సంగతి ఎవరికీ వినిపించలేదు. వీధిలో ఏడుపు లేచింది. గుమ్మం దగ్గర జనం చీలి దారి ఇచ్చారు. జ్ఞానమణి, జుట్టు విప్పుకుని, రొమ్ము కొట్టుకుంటూ లోపలికి దూసుకువచ్చింది.

"నాయనా ఏసన్నా, నన్ను పుట్టినింటికి పిల్చేవానివి పోతివా. నా ముందర పుట్టినోళ్ళంతా ఉండంగా నా ఎనక పుట్టినోడివి నువ్వు పోతివా…"

మజ్జిగ చెంబు పట్టుకున్న తమ్ముడిని పక్కకు తోసి, ఆమె కృపమణి మీద పడి కావలించుకుంది. "మీ నాయన పాయెనే తల్లీ" అంది. ఆమె వెనక సుబ్బక్క ఏడ్చింది. పొద్దుటి నుంచి ఉత్త కోపానికి ఏడుస్తున్న హనుమమ్మ, కూతురి ఏడుపు విని, కొడుకు నిజంగానే పోయాడేమోనని అనుమానం వచ్చి, గొంతు కలిపింది. నాన్న రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. కృపమణి చూస్తూనే ఉంది. అయినా ఆమెకు ఏడుపు ముంచుకువచ్చింది. ఇది బొమ్మలోని ఏడుపు కాదు. దీనికి ముఖం ఎలా పెట్టాలో ఎవరూ చెప్పలేదు. తన ముఖం ఎలా ఉందో ఆమెకు తెలియలేదు. తెలుసుకోవాలని అనిపించలేదు కూడా.

దావీదురాజు గోడకు చేరగిలబడ్డాడు. తను పుట్టించిన చావు తనను దాటి ఇంత దూరం వస్తుందని అతడు అనుకోలేదు. మిస్సమ్మ లేచి నిలబడి, "ఎవరు మృతిపొందిరి? ఎప్పుడు?" అని అడుగుతోంది.

అంతలో చిన్న ఈరన్న వచ్చాడు. ఒళ్ళంతా మట్టి, చేతిలో గడ్డపార. పనిమంతుడు. కబురు అందగానే ఇంటికి రాకుండా నేరుగా సమాధుల దొడ్డికి వెళ్ళాడు. ఏడుస్తున్నవాళ్ళను కదిలించడం ఇష్టం లేక, దగ్గరలో ఏడవకుండా నిలబడిన ఒకే ఒక్క మనిషి వైపు వంగి, నేల చూపులు చూస్తూ, చెవిలో అడిగాడు.

"గుంత అయిపోవచ్చింది. కింద రాయి తగిలింది. మా బావ పొడుగెంతుంటాడో చెప్తావాప్పా?"

"నీకంటే జానెడెక్కువ," అన్నాడు ఏసన్న.

చిన్న ఈరన్న తల ఊపి, వెనుదిరిగి, గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. గడ్డపార కింద పడింది.

ఆ చప్పుడుకు జ్ఞానమణి తల ఎత్తింది. కృపమణిని వదిలి, లేచి వచ్చి, తమ్ముడి చెంప తాకి చూసింది. వెచ్చగా ఉంది. అందుకని ఒకటి కొట్టింది.

"సచ్చినోడివి మజ్జిగ పోస్తాండావా? ఆలూరు కాడ్నుంచి ఎండలో ఏడ్చుకుంట వచ్చినా నేను."

"నేను సావలేదక్కా. ఈ అయివారు…"

"నేను అప్పుడే చెప్పినా," అంది హనుమమ్మ, కళ్ళు తుడుచుకుని. మిస్సమ్మ వైపు తిరిగి, "వీడు నా కొడుకమ్మా. ఏసన్న వీడే. ఇది వీని పెండ్లాము. వీనికి తమ్ముడూ లేడు, అన్నా లేడు. పొద్దన్నే ఈ అయివారు వచ్చి నా కొడుకును సంపించినాడు," అని వేలు చూపించింది.

గుమ్మం దగ్గర సుబ్బక్క, "మగ్గాలన్నీ ఆపిపెట్టినామే తల్లీ," అంది.

మిస్సమ్మ మళ్ళీ మంచం మీద కూర్చుంది. "మృతుడైన లాజరు సమాధిలోనుండి లేచిన సంగతి చదివితిని," అంది. "చూచుట ఇదే మొదలు." దావీదురాజు వైపు ఒక్క చూపు చూసింది. అతనికి అదే ఎక్కువైంది.

"ఆ గోడ దగ్గర గుడ్డ చుట్టి నిలువబెట్టినది నేను," అంది ఆమె. "ఎవరి బాలిక అని ఆనాడే నేను అడుగవలసియుండెను." తర్వాత ఏసన్న వైపు తిరిగింది. "నేను చెప్పవచ్చిన సంగతి వినుము. బోర్డింగులో అనాథ బాలికల స్థలములు నిండిపోయినవి. ఈ చిన్నదానిని చేర్చుకొనలేనని చెప్పుటకే వచ్చితిని. తల్లిదండ్రులు గల బాలికకు మాత్రము ఒక స్థలము మిగిలియున్నది. తండ్రి నలుగురి యెదుట తన నోట ఒప్పుకొనవలెను. కాబట్టి నీవు బ్రతికియుండుట మంచిదే."

ఉదయం నుంచి ఇంటిల్లిపాదీ కలిసి ఏ మనిషిని లేకుండా చేశారో, కావలసింది ఆ మనిషేనని తేలింది. జీవమ్మ గోడకు ఆనుకుంది. అందరూ ఏసన్న వంక చూశారు. బతికి ఉన్న ఏసన్న గుమ్మంలో నిలబడిన చిన్న ఈరన్న వంక చూశాడు. కింద పడిన గడ్డపార వంక చూశాడు.

"అది కాదమ్మా," అన్నాడు. "కొర్రలు కోసినంక పిల్లను… మాటనుకున్యాము. ఇప్పుడు బోర్డింగంటే…"

"మా నాయన ఒప్పుకున్యాడమ్మా."

ఆ గొంతు ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. పొద్దుటి నుంచి ఆ ఇంట్లో కృపమణి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బొమ్మలోని పిల్ల మాట్లాడదు కాబట్టి, ఆమె మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు కూడా. ఇప్పుడామె తలుపు చాటు వదిలి ముందుకు వచ్చింది.

"నేనెప్పుడు ఒప్పుకున్యామే?" అన్నాడు ఏసన్న.

"సచ్చిపోయి ఉన్నప్పుడు."

జ్ఞానమణి తమ్ముడి ముఖంలోకి చూసింది. "సచ్చినోని మాట తీర్చకుంటే ఇంటికి మంచిది కాదురా. నేను ఏడ్చింది ఊరికే పోవల్లనా?"

"అందురమూ ఇన్యాము," అంది సుబ్బక్క. "గడపలో కూసుంటే మగ్గం ఆపి చూస్తాంటినని చెప్పినాడు."

చిన్న ఈరన్న అరచేతుల్లో లేచిన బొబ్బలు చూసుకున్నాడు. "పంపిచ్చు బావా. సచ్చి లేసే మామ నాకొద్దు," అన్నాడు.

ఏసన్న మజ్జిగ చెంబును ఎక్కడ పెట్టాలో తెలియక ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. కూతురి వంక చూడకుండా, మిస్సమ్మ వంక కూడా చూడకుండా, "సరేలే అమ్మా," అన్నాడు. "ఆయప్ప నోరిడిసి చెప్పినాడు. ఇప్పుడు నేను కాదంటే బాగుండదు."

అక్కడితో ఇల్లు మళ్ళీ ఇల్లయింది. అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆదివారం ప్రార్థన చేయించి పంపాలని హనుమమ్మ అంది. రెండు రవికెలైనా కుట్టించకుండా ఎట్లా అని జీవమ్మ అంది. తవ్విన గుంతను ఏం చేయాలని చిన్న ఈరన్న అడిగాడు. దావీదురాజు గోడ దగ్గరి నుంచి కొంచెం ముందుకు జరిగి, ఈ సంగతి బొమ్మలతో చెబితే ఎంత బాగుంటుందో మిస్సమ్మకు వివరించబోయి, జ్ఞానమణి చేయి చూసి ఆగిపోయాడు.

"ఇప్పుడే ఏం తొందర?" అన్నాడు ఏసన్న, అందరికీ నచ్చే మాట దొరికిందన్న తృప్తితో. "కొర్రలు కోసినంక పోతాదిలే."

అందరూ అవునన్నారు. మిస్సమ్మ కూడా తల ఊపింది.

ఇందాక పెళ్ళితో కలిసి వచ్చిన కొర్రలు అన్న మాట మళ్ళీ ఇంట్లోకి రావడం కృపమణి విన్నది. ఆ మాట ఎంత నెమ్మదిగా వస్తుందో, వచ్చాక ఎంత గట్టిగా కూర్చుంటుందో ఆమెకు తెలిసింది. ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. మనుషుల మధ్య నుంచి, చిన్న ఈరన్న గడ్డపార దాటుకుని, బయటికి నడిచింది. కాడి నేలకు ఆని ముందుకు వాలి ఉన్న మిస్సమ్మ బండి ఎక్కి, జారిపోకుండా రెండు చేతులతో పక్క కర్రలు పట్టుకుని కూర్చుంది.

ఎద్దులను ఇంకా కట్టలేదు.